మా రోజుల్లో లెక్కకు తాళం లేదు

మా రోజుల్లో తుళ్లూరులో ఏ రైతునైనా "పోయినేడు మిరపకాయలు ఎన్ని టిక్కీలు (బస్తాలు) అయినయ్ బాబాయ్?" అని అడిగితే, అటక మీది ఎర్రట్ట పుస్తకం దించి, వేలు తడి చేసుకుని, నాలుగు కాగితాలు తిప్పి చెప్పేవాడు. ఇప్పుడు మా మేనకోడలి కొడుకుని అదే మాట అడిగితే "ఉండు తాతయ్యా, యాప్ అప్‌డేట్ అడుగుతోంది" అంటాడు. అప్‌డేట్ అయ్యాక పాస్‌వర్డ్ అడిగిద్ది. అది గుర్తొచ్చాక నెట్ లేదంటది. నెట్ వచ్చాక ఉచిత గడువు అయిపోయింది, నెలకింత కట్టమంటది. మన చేలో కాసిన కాయల లెక్క మనకు చెప్పడానికి ఎవడికో నెలనెలా కప్పం!

ముసలాయనకు కంప్యూటరంటే పడదులే అని ఈ కుర్రాళ్లు నవ్వుకుంటారు. వీళ్లు పుట్టకముందే హైదరాబాదులో నల్ల తెర ముందు కూర్చుని జీతం తీసుకున్నవాణ్ణి నేను. యంత్రం మీద నాకేం కోపం లేదు. మనం రాసింది లోపల పెట్టుకుని తాళంచెవి తన మొలకు కట్టుకునే పద్ధతి చూస్తేనే ఒళ్లు మండుద్ది.

మా నాయన రెండు పుస్తకాలు పెట్టేవాడు. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగినట్టు, ఏ వరసలో వస్తే ఆ వరసలో రాసేవాడు. కాయకోత కూలీలకిచ్చిన డబ్బులు, పురుగుమందుల కొట్లో పెట్టిన అప్పు, గుంటూరు యార్డుకి బండి కిరాయి అన్నీ అందులోనే. తీరిక దొరికినప్పుడు ఆ పద్దుల్ని ఆవర్జాలోకి ఎక్కించేవాడు. అక్కడ మందుల కొట్టుకొక పుట, కమిషన్ కొట్టుకొక పుట, ఊళ్లో చేబదులు తీసుకున్నవాళ్లకు మనిషికొక పుట. ఎక్కించిన పద్దు పక్కన చిట్టాలో ఒక గీత. పొలం గట్టు మీద ఆలోచించకుండా రాసెయ్యాలి, ఇంటికొచ్చి ఆలోచించి సర్దుకోవాలి. ఆ రెండు పనులూ కలిపితే రెండూ చెడతాయని ఆయనకు ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ చెప్పలేదు.

కంప్యూటర్లో నాకు ఆ పద్ధతి దొరికింది ఆర్గ్ మోడ్‌లోనే. కార్స్టన్ డొమినిక్ అని ఒక ఖగోళ శాస్త్రవేత్త తన నోట్సూ, చెయ్యాల్సిన పనులూ ఒకచోట ఉంచుకోవడానికి 2003లో రాసుకున్న సరంజామా అది. ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో నడుస్తుంది. ఆ ఈమ్యాక్స్ ఇంకా పాతది. 1976లో ఎంఐటీలో పుట్టింది. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమ్యాక్స్‌గా అందరికీ ఇచ్చాడు. ఆర్గ్‌లో క్యాప్చర్ అనేది మా నాయన చిట్టా, రీఫైల్ అనేది ఆయన ఆవర్జా. ఫైలంతా ఉత్త అక్షరాలు. శీర్షిక ముందు ఒక నక్షత్రం గుర్తు, దాని కింద శీర్షికకు రెండు. ఖగోళం చూసే ఆయన కాబట్టి నక్షత్రం పెట్టాడని అనుకునేరు, ఆ గుర్తు అంతకుముందే ఉన్న అవుట్‌లైన్ మోడ్‌ది. రేపు ఈమ్యాక్స్ లేకుండా పోయినా ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, చదువుకోవచ్చు, ప్రింటు తీసి గోడకి అంటించుకోవచ్చు.

మొరాయించదా అంటే, ఎందుకు మొరాయించదు? కాకపోతే ఎక్కడ మొరాయించిందో కంటికి కనపడుద్ది. మావాడు ఒకనాడు "తాతయ్యా, నా శీర్షిక ముడుచుకోవటం లేదు, ఇది పాడైపోయింది" అని వచ్చాడు. చూస్తే నక్షత్రం ముందు ఒక ఖాళీ ఉంది. నక్షత్రం లైను మొదట్లోనే ఉండాలి. ముందు ఒక్క ఖాళీ ఉన్నా అది శీర్షిక కింద లెక్కకు రాదు. ఖాళీ తీసేశాను, అయిపోయింది. ఇంకోనాడు పనుల స్థితి తెలుగులో కావాలన్నాడు. సంతోషం! ఫైలు మొదట్లో ఒక లైను రాయించాను: చెయ్యాలి, ఆగింది, నిలువుగీత, అయింది. గీతకు ఇటువైపువి మిగిలిన పనులు, అటువైపుది తీరిన పని. రాశాడు, ఏం మారలేదు, మళ్లీ ఏడుపు. ఆ లైను మీద నిలబడి కంట్రోల్ సి రెండుసార్లు కొడితేగానీ ఆర్గ్ దాన్ని మళ్లీ చదవదు. మాన్యువల్లో ఉన్న సంగతే. మాన్యువల్ చదివే అలవాటు పోయి చాన్నాళ్లయింది గదా.

తేదీల సంగతి చూడండి. తిరిగొచ్చే పనికి ఆర్గ్‌లో మూడు గుర్తులున్నాయి. ఒక ప్లస్ పెడితే పాత తేదీ నుంచి ఒక్క విడత ముందుకు జరుగుతుంది. రెండు ప్లస్‌లు పెడితే అదే వరసలో ఇవాళ్టిని దాటేదాకా జరుగుతుంది. ప్లస్ ముందు చుక్క పెడితే పని చేసిన రోజు నుంచి కొత్తగా లెక్క మొదలవుతుంది. మాకు పెదకూరపాడు వైపు కౌలుకు చేసే మిరపచేను ఒకటుంది. పది రోజులకొకసారి మందు కొట్టాలని మావాడు ఒక్క ప్లస్ పెట్టాడు. వాన పడి నాలుగు రోజులు ఆలస్యంగా కొట్టారు. ఆరో రోజుకే మళ్లీ కొట్టమని వచ్చింది. "నీ ఆర్గ్‌కి వ్యవసాయం తెలీదు" అన్నాడు. వ్యవసాయం తెలిసింది కాబట్టే మూడు గుర్తులు పెట్టుకునే వీలుంది, నాయనా! సొసైటీ అప్పు వాయిదా తేదీ మనం ఆలస్యం చేశామని జరగదు, దానికి ప్లస్ చాలు. మందు కొట్టడం చివరిసారి కొట్టిన రోజుని బట్టి ఉంటుంది, దానికి చుక్క కావాలి. ఏ పని ఏ రకమో తెలుసుకోవాల్సింది రైతు. ఇప్పటి యాప్‌లు ఈ తేడా అడగనైనా అడగవు, టింగుమని గంట కొట్టి ఊరుకుంటయ్.

తెలుగులో పట్టిక గీసినప్పుడు అసలు తంటా మొదలవుద్ది, అది ఒప్పుకోవాల్సిందే. ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒకే వెడల్పుగా ఉండే ఫాంట్లున్నాయి గనక ఆర్గ్ గళ్లను లెక్కపెట్టి నిలువుగీతలు వరసగా నిలబెడుతుంది. మన తెలుగు అట్టా కుదరదు. "స్ప్రే" అని రాస్తే లోపల ఆరు గుర్తులు, తెర మీద ఒకటే అక్షరం, కింద రెండు ఒత్తులు వేలాడుతూ. "తేజ" రాసిన వరసలో గీత ఒకచోట, "తాలుకాయ" రాసిన వరసలో ఇంకోచోట పడుద్ది. దీనికి వీఅలైన్ అని ఒక ప్యాకేజీ ఉంది, తెర మీది చుక్కల లెక్కన సర్దుతుంది. అది కూడా వద్దనుకుంటే నేను చేసేది చెబుతా: తేదీ, టిక్కీలు, ధర, మొత్తం ముందు గళ్లలో అంకెలుగా, తెలుగు మాటలు చివరి గడిలో. వంకర పోతే ఆఖరి గీత ఒక్కటే పోద్ది, దానివల్ల నష్టం లేదు.

2015లో భూసమీకరణ వచ్చాక మా లెక్కల స్వరూపమే మారిపోయింది. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా అమరావతి రాజధానికి ఇచ్చాం. టిక్కీలూ క్వింటాళ్లూ రాసుకున్న ఇళ్లలో సర్వే నంబర్లు, ప్లాటు నంబర్లు, ఏటా వచ్చే కౌలు రాసుకోవాల్సి వచ్చింది. మెట్టకు ఎకరానికి 30 వేలు, ఏటా 3 వేలు పెంపు, నీటి వసతి ఉన్న జరీబుకు 50 వేలు, ఏటా 5 వేలు పెంపు, పదేళ్ల పాటు. ఆర్గ్ పట్టికలో వేస్తే పదో ఏడు మెట్టకు 57 వేలు, జరీబుకు 95 వేలు. పదేళ్లకు కలిపి ఎకరానికి మెట్టకు 4,35,000, జరీబుకు 7,25,000. ఎకరం ముప్పై సెంట్ల మెట్టకు మొదటేడు 39 వేలు. ఇది ఏ కాలిక్యులేటరైనా చేస్తుంది. కానీ పట్టిక కిందే సూత్రం ఒక లైనుగా కనపడుతూ ఉంటుంది. బాబాయి కొడుకు వచ్చి "ఈ అంకె ఎట్టా వచ్చింది అన్నయ్యా?" అంటే ఆ లైను చూపిస్తా. అన్నదమ్ముల మధ్య లెక్కలో అంకె కన్నా అది ఎట్టా వచ్చిందన్నది ముఖ్యం.

ఇక కుర్రాళ్ల సొగసులు చూడాలి. ఎవడో రాసుకున్న నాలుగొందల లైన్ల సెట్టింగుల ఫైలు తెచ్చి తన దాంట్లో దింపుతాడు. రంగులొస్తయ్, బొమ్మలొస్తయ్, రెండోరోజు ఈమ్యాక్స్ తెరుచుకోదు. వెంటనే అంతా తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు. మా రోజుల్లో ముందు ఏ సెట్టింగులూ లేకుండా తెరిచేవాళ్లం, మైనస్ పక్కన పెద్ద క్యూ పెట్టి. అట్టా నడిచిందా, తప్పు మన ఫైల్లో ఉన్నట్టే. అప్పుడు ఫైలు సగం ఆపేసి చూడాలి. బాగుంటే తప్పు ఆపిన సగంలో ఉంది, లేకపోతే మిగిలిన సగంలో. నాలుగొందల లైన్లయినా తొమ్మిదిసార్లు సగం చేస్తే చెడ్డ లైను చేతికొస్తుంది. ఓపికుంటే పావుగంట పని.

మా రోజుల్లో అన్నీ బాగున్నాయని అనను. అప్పట్లో తెర మీద తెలుగు చూడాలంటే నానా తిప్పలు. రైస్ యూనివర్సిటీలో మనవాళ్లు తయారుచేసిన ఆర్టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకునేవాళ్లం. ఈమ్యాక్స్ 2009లో 23వ కూర్పుతో యూనికోడ్‌లోకి మారింది, 2020లో 27వ కూర్పుకు అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్ వచ్చి ఒత్తుల్ని కుదురుగా పేర్చింది. ఎర్రట్ట పుస్తకాలకు చెదలు పట్టేవి, ఫైలుకి పట్టవు. వెతుకు అంటే క్షణంలో వెతికి పెడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ఆర్గ్‌జ్లీ అనే యాప్ పెట్టుకుంటే అదే ఫైలు చేలోనూ తెరుచుకుంటుంది. ఇవన్నీ మంచివే, నేనూ వాడుతున్నా.

కానీ ఒకటి గమనించండి. ఆ ఆర్టీఎస్ ఫైళ్లు ఇవాళ లేఖిని అనే వెబ్‌సైట్‌లో వేసినా చక్కగా తెలుగులోకి మారతాయి, ఎందుకంటే అవి ఉత్త అక్షరాలు. వాటి తర్వాత ముచ్చటైన డీటీపీ ఫాంట్లలో కొట్టించిన కాగితాల ఫైళ్లు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. చూపుకి బాగున్నదే ముందు పోయింది.

కాబట్టి మీకు నచ్చిన యాప్ వాడుకోండి, నాకేం పోయింది? ఏడాదికొకసారి, ఉగాదికి కొత్త లెక్కలు మొదలుపెట్టే ముందు, దాన్ని ఒక్కమాట అడగండి: నేను రాసిందంతా ఉత్త అక్షరాలుగా ఒక ఫైల్లో ఇస్తావా? ఇస్తే ఉంచుకోండి. "ఆ సదుపాయం పై ప్యాకేజీలో ఉంది" అంటే, తెలిసిందంతా ఆ రోజే ఏ నోట్‌ప్యాడ్‌లోనో ఎక్కించుకుని బయటపడండి. రేపు అది మూతపడ్డాక "పాత లెక్కలు ఎట్టా తియ్యాలి తాతయ్యా?" అని మా అరుగు మీదకి మాత్రం రావొద్దు.