గోధుమ కొవ్వు కణం కథ

ఈ కథలోని కణం ఉండేది అప్పుడే పుట్టిన ఒక పాప వీపులో, రెండు రెక్క ఎముకల నడుమ. పేరులో కొవ్వు ఉన్నా దీని దగ్గరి చుట్టరికం కండతోనే. పిండం ఎదిగేటప్పుడు మిఫ్5 అనే జన్యువు పనిచేసిన మూలకణాల్లో కొన్ని కండరాలయ్యాయి, కొన్ని ఇటు మళ్లాయి. మళ్లించినది పీఆర్‌డీఎం16 అనే ప్రోటీన్. 2008లో అమెరికాలో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం దాన్ని తగ్గించి చూస్తే, గోధుమ కొవ్వుగా ఎదగాల్సిన కణాలు కండర కణాలుగా మారాయి. అంతకు నాలుగున్నర శతాబ్దాల ముందే, 1551లో, స్విట్జర్లాండ్‌కు చెందిన కాన్రాడ్ గెస్నర్ మార్మట్ అనే జంతువులో ఈ కొవ్వును చూసి, కొవ్వనాలో మాంసమనాలో తేల్చుకోలేకపోయాడు. ఆ సందేహం సరైనదే.

తెల్ల కొవ్వు కణంలో ఒకే పెద్ద నూనెబొట్టు నిండి ఉంటుంది. దాని పని దాచడం. ఈ కణంలో కొవ్వు చిన్నచిన్న బొట్లుగా ఉంటుంది, అవసరమైనప్పుడు ఎంజైములు త్వరగా కరిగించగలవు. బొట్ల సందుల్లో, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. వాటిలోని ఇనుము, చుట్టూ అల్లుకున్న రక్తనాళాలు కలిసి దీనికి గోధుమ రంగు తెచ్చాయి.

కడుపులో ఉన్నన్నాళ్లూ పాపకు తల్లి ఒంటి వేడే చాలు. పుట్టగానే తడి ఒంటికి గాలి తగిలి చలి వేస్తుంది. పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకునే శక్తి పసిబిడ్డకు ఇంకా రాదు. ఈ కణం అక్కరకొచ్చేది అప్పుడే. చలి కబురు మెదడులోని హైపోథాలమస్‌కు చేరుతుంది, అక్కడి నుంచి నాడుల వెంట వచ్చిన సంకేతంతో నారడ్రినలిన్ అనే రసాయనం ఈ కణం మీద పడుతుంది. కొవ్వుబొట్లు విడిపోయి ఫ్యాటీ ఆమ్లాలు బయటికొస్తాయి.

మైటోకాండ్రియా లోపలి పొర ప్రోటాన్లను అవతలికి తోడిపోస్తుంది. మామూలు కణాల్లో అవి, కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును తయారుచేసే తూము గుండానే తిరిగొస్తాయి. ఈ కణంలో వాటికి మరో దారి ఉంది. అది యూసీపీ1 అనే ప్రోటీన్, 1970లలో శాస్త్రజ్ఞులు గుర్తించినది. కట్టకు గండి పడినట్టు ప్రోటాన్లు దాని గుండా లోపలికి జారిపోతాయి. ఏటీపీ కావలసిన శక్తి వేడిగా మారుతుంది. ఫ్యాటీ ఆమ్లాలు ఇక్కడ ఇంధనమూ, గండి తెరిచే తాళంచెవీ కూడా. రక్తం ఆ వేడిని ఒళ్లంతా పంచుతుంది. ఇదంతా జరగాలంటే ప్రాణవాయువు కావాలి, అందుకే ఊపిరందని బిడ్డ త్వరగా చల్లబడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఇలాంటి కణాలు తక్కువ. తల్లి గుండెకు హత్తుకుని ఉంచడం అలాంటి బిడ్డకు ప్రాణాధారం. పందులకైతే పనిచేసే యూసీపీ1 జన్యువే లేదు, వాటి పిల్లలు వణుకుతూ ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి.

వయసు పెరిగేకొద్దీ గోధుమ కొవ్వు తగ్గుతుంది. పెద్దల్లో దాదాపు ఉండదనే చాలాకాలం అనుకున్నారు. 2009లో పెట్ స్కాన్‌ల ఆధారంగా వచ్చిన మూడు పరిశోధనలు మెడలోనూ, కాలర్ ఎముకల పైనా అది పనిచేస్తూనే ఉందని చూపాయి. చలికి తెల్ల కొవ్వు మధ్య పుట్టే బేజ్ కణాలు మరో వంశానివి, అయినా యూసీపీ1 వాటిలోనూ ఉంటుంది.

వెచ్చదనం తిరిగొస్తే నాడులు సద్దుమణుగుతాయి, గండి మూసుకుంటుంది, రక్తం నుంచి వచ్చిన కొవ్వుతో బొట్లు మళ్లీ నిండుతాయి. చాలాకాలం చలి తగలకపోతే మైటోకాండ్రియాలు తగ్గి, బొట్లు కలిసిపోయి, ఈ కణం చూడటానికి తెల్ల కొవ్వులాగే అయిపోతుంది.