నేను పత్తికాయ బొమ్మను

అరచేతిలో పట్టే అట్టముక్క, దాని మీద పగిలిన పత్తికాయ ఫొటో. అదే నా ఒళ్లు. బజారులో అమ్మే బొమ్మల కార్డుల కట్టల్లో యాపిలు, విమానం ఉంటాయి గానీ నేనుండను. ఆదోని పిల్లలు రోజూ చూసేది పత్తి బండ్లను కదా అని ఒక టీచరమ్మ నన్ను చేయించింది. ఎమ్మిగనూరు మగ్గం బొమ్మ నాకు తోడు.

ఆ టీచరమ్మ దగ్గరికి వచ్చే ఒక పిల్లవాడికి ఆటిజం. నన్ను చూపి “ఇదేంది?” అంటే వాడూ “ఇదేంది” అనేవాడు. అది పొగరు కాదు. విన్నమాటే తిరిగి పలకడం ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఉంటుంది. టీచరమ్మ ప్రశ్నను మెల్లగా అడిగి, వెంటనే “పత్తి” అని గట్టిగా అందించేది. వాడు “పత్తి” అనగానే మెచ్చుకుని, వాడికిష్టమైన బొంగరం చేతికిచ్చేది. కొన్నాళ్లకు “ప...” అని ఆపేది. తర్వాత అదీ మానేసి, వాడి మొహం చూస్తూ ఊరకే కూర్చునేది. అలా ఊరకుండటమే పెద్దలకు చేతకాదు.

“ఏం రంగు?” అన్నా మొదట్లో “పత్తి” అనే చెప్పాడు. రెండు ప్రశ్నలూ మార్చి మార్చి అడిగాకే ప్రశ్న మీద చెవి పెట్టాడు. ఒకచోట వచ్చిన మాట ఇంకోచోట రాకపోవచ్చు. కావలసింది అడగడం వేరు, కనబడేదాని పేరు చెప్పడం వేరు అని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1957లోనే రాశాడు. దాహమేసి “నీళ్లు” అన్న బిడ్డే గ్లాసు చూపి అడిగితే పలకకపోవచ్చు.

ఒకరోజు ఆ పిల్లవాడు మార్కెట్ యార్డు దగ్గర పత్తి లారీని చూసి, ఎవరూ అడగకుండానే “పత్తి, తెల్లది” అన్నాడట. వాళ్లమ్మ చెబుతుంటే విన్నాను. నా బతుకుకు అది చాలు.

తర్వాత ఇంకో ఇంటికి పోయాను. చుట్టాలొచ్చినప్పుడల్లా నన్ను బయటికి తీసి “చెప్పు, చెప్పవే” అని ఆ ఇంటి పాపను నిలదీసేవాళ్లు. పాప చెవులు మూసుకునేది. పలకలేదని నన్ను విసిరికొట్టారు. పాపను నాలుగు మాటలన్నారు. ఇప్పుడు బీరువా మీద, పాత కరెంటు బిల్లుల కింద పడి ఉన్నాను. లామినేషన్ అంచులు లేచిపోయాయి, పత్తికాయ మీద దుమ్ము పేరుకుంది. పాప కింద ఆడుకుంటుంటే వినబడుతుంది. పిలవడానికి నాకు నోరు లేదు.

ఇలాంటి పిల్లలకు అండ లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, పోయి అడగండి. ఇంట్లో నాలాంటి బొమ్మలుంటే దించి దుమ్ము తుడవండి. మాట రాని బిడ్డ వేలు పెట్టి చూపినా అది జవాబే, ఒప్పుకోండి.