జీరో టికెట్

కరీంనగర్ బస్టాండ్‌లో జగిత్యాల బస్సు కదిలేసరికి నిలబడడానికి కూడా సందు లేదు. తెల్లచొక్కా పెద్దమనిషికి మాత్రం కిటికీ పక్క సీటే దొరికింది. పెళ్లికి పోతున్నాడు. ఇస్త్రీ నలగకుండా సర్దుకొని కూర్చొని, ఫోన్ చెవికి పెట్టి ఎవరికో కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"2023 డిసెంబర్ 9న ఆడోళ్లకు ఫ్రీ బస్సు పెట్టినకాడి నుంచి మన బతుకు ఇదే గదా! పల్లెవెలుగు లేదు, ఎక్స్‌ప్రెస్ లేదు, యాడ చూసినా ఆడోళ్లే. ఆధార్ కార్డు చూపెట్టుడు, జీరో టికెట్ తీసుకునుడు, ఊర్లు తిరుగుడు. పైసలు కట్టేది మనం, సీట్ల కూసునేది వాళ్లు."

తాను కూడా కూర్చునే ఉన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

పక్క సీట్లో ఒక అవ్వ. పెద్ద దవాఖానలో కళ్లు చూపించుకొని వస్తోంది. పెళ్లయిన నాటి నుంచి బీడీలు చేసిన కళ్లు అవి. తునికాకు తడపాలి, రేకు పెట్టి కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. కూలి లెక్క వెయ్యి బీడీలకు. పని లేక ఊర్లు తిరిగే ఆడోళ్ల గురించి ఆయన చెప్పినంతసేపూ ఆమె శ్రద్ధగా విన్నది.

ఆమె మనవడు కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. మల్యాల దగ్గరి లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్, గంగవ్వను 2020లో బిగ్‌బాస్ దాకా తీసుకపోయినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల వీడియో తీయని పిల్లగాణ్ని వెతకాల్సిందే. వీడికి నటించేవాళ్లు దొరకలేదు. అందుకని బొమ్మలు గీసి, వాటితోనే కామెడీ చేయిస్తున్నాడు. సెకనుకు 12 బొమ్మలు, అంటే నిమిషం నవ్వుకు 720. ఓపిక అవ్వ దగ్గరి నుంచి వచ్చిందే అయ్యుండాలి.

కొత్తపల్లి దాటినాక కండక్టరమ్మ వచ్చింది. అవ్వకు జీరో టికెట్ కొట్టింది. పెద్దమనిషి "ఫోన్‌పే చేస్త" అంటూ ఫోన్ తీశాడు. అంతసేపటి ఉపన్యాసానికి ఛార్జింగ్ మొత్తం అయిపోయి ఉంది. ఎన్ని సార్లు నొక్కినా తెర వెలగలేదు.

జేబులు తడుముకున్నాడు. పర్సు ఇంట్లోనే ఉండిపోయింది. ఒక జేబులో రుమాలు, ఇంకో జేబులో పెళ్లి కవరు. అంటించి, పైన తన పేరు పెద్దక్షరాలతో రాసిన కవరు.

"అందుల పైసలున్నట్టున్నయి గద సార్?" అంది కండక్టరమ్మ.

"అవి సదివింపులు."

బస్సు సగం అటే చూసింది. ముందు సీట్లో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంక తప్పదని కవరు అంచు చింపబోతుంటే అవ్వ చెయ్యి అడ్డం వచ్చింది.

"శుభమా అని పెండ్లికి పోతున్నవ్, కవరు చింపకు సారూ. మంచిగుండది."

కొంగు ముడి విప్పి వంద కాగితం తీసి ఇచ్చింది. మిగిలిన చిల్లర మళ్లీ ముడేసుకుంది. ఆమె ఇంకో చేతిలో జీరో టికెట్ అట్లనే ఉంది.

"పోంగనే కొడత అవ్వా. నంబరు చెప్పు."

"నాకేడిది ఫోన్‌పే. మా పిల్లగానికి కొట్టు, నాకిస్తడు."

కండక్టరమ్మ పెన్ను తీసుకొని, టికెట్ వెనకాల నంబరు రాసుకొని, టికెట్‌ను పైజేబులో భద్రంగా పెట్టుకున్నాడాయన. జగిత్యాల దాకా మళ్లీ నోరు తెరవలేదు.

ఇంటికి పోయినాక పిల్లగాడు ఆ బస్సును గీస్తుంటే అవ్వ వెనక నిలబడి చూసింది.

"ఆయన మొగం పెట్టకురా. ఇంట్ల మనుమలు ఉండొచ్చు. చూస్తే నవ్వుతరు."

వాడు గీసింది చెరిపేశాడు. బక్కపలచని మనిషికి బొర్ర పెట్టాడు, మీసాలు పెట్టాడు, నల్లద్దాలు పెట్టాడు. తెల్లచొక్కాను పూలచొక్కా చేశాడు. నిమిషం వీడియో. పెళ్లి కవరు దగ్గర నవ్వు, వంద కాగితం దగ్గర నిశ్శబ్దం. నంబరు రాసుకోవడంతో బొమ్మ అయిపోయింది.

జగిత్యాలలో మొదలై నిర్మల్ పోయింది, ఆదిలాబాద్ పోయింది, దుబాయ్ రూముల్లోని మనవాళ్ల గ్రూపుల్లో తిరిగింది. అక్కడి నుంచి ఎవరో కరీంనగర్‌కే పంపారు. అట్లా ఒక ఆదివారం పొద్దున పెద్దమనిషి ఫోన్‌లోకి వచ్చింది.

ఆయన పడీపడీ నవ్వాడు. వంటింట్లో ఉన్న భార్యను పిలిచి చూపించాడు. మనవళ్లకు చూపించాడు. బస్సుల్లో ఇట్లాంటోళ్లు బాగా ఎక్కువైపోయారని కూడా చెప్పాడు. తర్వాత నాలుగు గ్రూపులకు పంపుతూ కింద రాశాడు:

"సిగ్గులేని మనుషులు. కనీసం ఆ ముసలమ్మ పైసలన్నా వాపసిచ్చిండో లేదో!"

ఇవ్వలేదు. నంబరు రాసిన టికెట్ పెళ్లి నుంచి వచ్చిన రోజే చొక్కాతో పాటు వాషింగ్ మెషీన్‌లో పడింది.