పదకొండు వరుసల ప్రళయం

లెఫ్ట్‌ప్యాడ్ అనేది జావాస్క్రిప్ట్‌లో రాసిన 11 వరుసల బుల్లి ప్రోగ్రామ్. అంకెకో మాటకో ఎడమవైపు సున్నాలో ఖాళీలో చేర్చి, అడిగినంత పొడుగు చేయడమే దీని పని: 5 ఇస్తే 005. మొదటి ఏడాది విద్యార్థి టీ చల్లారేలోగా రాసేయగలడు. సీనియర్ డెవలపర్లు మాత్రం రాయరు, ఎన్‌పీఎం అనే ఉమ్మడి గోదాం నుంచి దించుకుంటారు. దించుకున్న సంగతే చాలామందికి తెలియదు. బేబెల్ వంటి పెద్ద సరుకు మూటలో అదీ వచ్చేస్తుంది.

2016 మార్చి 22న, కిక్ అనే ప్యాకేజీ పేరు మీద తగాదా వచ్చి, లెఫ్ట్‌ప్యాడ్ రచయిత తన 250కి పైగా ప్యాకేజీలను గోదాం నుంచి లాగేసుకున్నాడు. లోకమంతటా వాటి మీద ఆధారపడ్డ ప్రోగ్రాముల బిల్డులు బోర్లాపడ్డాయి. వెబ్ సిరీస్ ఒక్క క్షణం ఆగితే నెట్‌వాడిని తిట్టిపోసే ఇంజినీర్లు, తెర మీద ‘దొరకలేదు’ అనే 404 ఎర్రర్ చూసి గుడ్లు తేలేశారు. ఆ 11 వరుసలు తామే రాసుకోవచ్చన్న ఆలోచన ఎందరికొచ్చిందో గానీ, సుమారు రెండు గంటల్లో ఎన్‌పీఎమ్మే వాటిని తిరిగి పెట్టించింది. మరుసటి ఏడాది ఇదే పని చేసే ప్యాడ్‌స్టార్ట్ జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే చేరింది.

లెఫ్ట్‌ప్యాడ్‌ను జనం ఇప్పటికీ దించుకుంటూనే ఉన్నారు.