చాడీలు చెప్పే కెటిల్

డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి వచ్చే కొడుకు సూట్‌కేసులో ఒకప్పుడు బాదంపప్పు, సెంటు సీసాలు ఉండేవి. ఇప్పుడు మందుల వేళకు మోగే డబ్బా, పడిపోతే పసిగట్టే గడియారం, హాల్లోకి కెమెరా, వంటింట్లోకి మాట్లాడే స్పీకరు దిగుతున్నాయి. అబ్బాయి రెండు వారాలుండి, అన్నింటికీ వైఫై కలిపి, పాస్‌వర్డు కేలండరు వెనకాల రాసిపెట్టి విమానం ఎక్కుతాడు. ఆ విమానం దిగేలోపే మందుల డబ్బాలో వక్కపొడి చేరుతుంది. గడియారం బీరువాలో పట్టుచీరల మడతల్లోకి వెళ్లిపోతుంది. ఖరీదైన వస్తువు మరి, రోజూ పెట్టుకుంటే పాడైపోదూ? కెమెరా మీద తువ్వాలు ఆరుతుంటుంది.

పండితులు దీనికి అంగీకార సమస్య అని పేరు పెట్టారు. కొత్త యంత్రాన్ని మనిషి ఎందుకు ఒప్పుకుంటాడో, ఎందుకు ఒప్పుకోడో తేల్చడానికి ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ 1989లో ఒక సిద్ధాంతం ప్రచురించాడు. అందులో ముఖ్యమైన ప్రశ్నలు రెండే. ఇది నాకు పనికొస్తుందా? వాడటం తేలికేనా? ఆయన లెక్కంతా ఆఫీసు కంప్యూటర్ల గురించి కాబట్టి మూడో ప్రశ్న ఆయన దాకా వెళ్లలేదు. తెలుగింట్లో అదే మొదటి ప్రశ్న: "ఎంత పెట్టి కొన్నావురా?" కొడుకు డాలర్లలో చెబితే అమ్మ నోటిలెక్కన రూపాయల్లోకి మార్చేస్తుంది. ఆ అంకె బయటికొచ్చాక మిగతా రెండు ప్రశ్నలూ ఎవరికీ గుర్తుండవు.

పెద్దవాళ్ల బుర్రకు టెక్నాలజీ ఎక్కదనే మాట మాత్రం నమ్మకూడదు. భారతదేశంలో ఫోన్లు ఎందుకిలా నిండిపోయి మొరాయిస్తున్నాయని గూగుల్ పరిశోధకులు ఆరా తీస్తే, 2018 జనవరిలో పత్రికలకెక్కిన జవాబు గుడ్‌మార్నింగ్ బొమ్మలు! పూలు, సూర్యోదయాలు, చంటిపిల్లలు, దేవుళ్లు. వాటిని ఏరి పారెయ్యడానికి తమ ఫైల్స్ గో యాప్‌లో ప్రత్యేకంగా ఒక ఏర్పాటే చేశారు. అవన్నీ పెద్దవాళ్లే పంపారనడం అన్యాయం. కానీ తెల్లారుజామున నాలుగున్నరకు లేచి, మూడు కుటుంబ గ్రూపులకూ ఒక రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపుకూ శుభోదయం చెప్పే ఓపిక ఎవరికుంటుందో అందరికీ తెలుసు. ఎవరూ నేర్పకుండానే ఫార్వర్డ్ నొక్కడం వచ్చిన వేలికి పడిపోతే సాయం పిలవడానికి మెడలో వేసుకునే అలారం బొత్తాం నొక్కడం రాదా?

వచ్చు. నొక్కరు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో 90 ఏళ్లు దాటినవాళ్లు పడిపోతే ఏం జరుగుతోందో గమనించిన అధ్యయనం ఒకటి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పడినవాళ్లలో 30 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు గంటకు పైగా నేలమీదే ఉండిపోయారు. సాయం పిలిచే అలారాలు చాలామందికి ఉన్నాయి. అంతంతసేపు పడి ఉన్నప్పుడు కూడా ఎక్కువసార్లు వాటిని వాడలేదు. కొందరికి బొత్తాం మెడలో వేసుకునే అలవాటే లేదు, కొందరు వేసుకుని కూడా కావాలనే నొక్కలేదు. ఆ 'కావాలనే' వెనక ఏముంటుందో తెలుగువాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. బాత్రూంలో జారి నడుం పట్టేసినా "ఏం లేదమ్మా, ఊరికే కాస్త నడుం వాల్చా" అని ఫోన్లో చెప్పే జాతి మనది.

ఈ మొహమాటం సంగతి జపానువాళ్లకు ముందే తెలిసినట్టుంది. 1996లో టోక్యోలో ఒక వృద్ధురాలు, జబ్బుపడిన ఆమె కొడుకు ఇంట్లోనే చనిపోతే చాలా రోజులకు గానీ బయటపడలేదు. ఆ దుర్ఘటన రేపిన ఆలోచనతోనే జోజిరుషి కంపెనీ 2001లో ఒక కెటిల్ తెచ్చింది. టీకి నీళ్లు కాచడం దాని పైకి కనిపించే ఉద్యోగం. ఎప్పుడెప్పుడు నీళ్లు వంచుకున్నారో దూరానున్న పిల్లలకు మెయిలు పెట్టడం లోపలి ఉద్యోగం. అమ్మ టీ పెట్టుకుంది, అమ్మ కులాసా. మెడలో వేసుకోనక్కర్లేదు, ఏదీ నొక్కనక్కర్లేదు. చాడీలు చెబుతుంది నిజమే, కానీ ముందు వేడినీళ్లిచ్చి మరీ చెబుతుంది. మన దగ్గరైతే ఈ ఏర్పాటు కాఫీ ఫిల్టరుకు చెయ్యాలి. ఉదయం ఆరింటికల్లా డికాక్షన్ దిగలేదంటే ఇక పిల్లల్ని అడగడం దేనికి, నేరుగా 108కే కబురు పెట్టొచ్చు.

అదే జపానులో రోబోల కథ మరోలా నడిచింది. జేమ్స్ రైట్ అనే పరిశోధకుడు అక్కడి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉండి చూసి, 2023లో పుస్తకం రాశాడు. పెప్పర్ అనే రోబో పెద్దవాళ్లతో వ్యాయామం చేయించాలి. చేయించింది కూడా. కాకపోతే పక్కనే ఒక ఉద్యోగి నిలబడి, అది చేసినవన్నీ తానూ చేసి, అది చెప్పినవన్నీ తానూ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పారో అనే సీలు పిల్ల బొమ్మ ముచ్చట ఇంకా రసవత్తరం. నిమిరితే కళ్లు ఆర్పుతుంది, కూతలు కూస్తుంది. ఒకరు దాని బొచ్చుతోలు ఒలిచే పనిలో పడ్డారు. మరొకావిడ అది పక్కన లేనిదే తిననూ లేదు, పడుకోనూ లేదు. మొత్తానికి సిబ్బందికి చూసుకోవలసిన ప్రాణి ఒకటి ఎక్కువైంది.

రైట్ దీన్ని అదనపు చాకిరీ కింద రాసుకున్నాడు. పారోను వదలని ఆవిడ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. దక్షిణ కొరియాలో ఒంటరి వృద్ధులకిచ్చే హ్యోడోల్ అనే బొమ్మ చిన్నపిల్ల గొంతుతో పలకరించి, మందులు గుర్తుచేస్తుంది. దానికి ముచ్చటగా బట్టలు తొడిగి ముస్తాబు చేసే ముసలమ్మలున్నారు. తమను కనిపెట్టుకుని ఉండే యంత్రం కంటే, తమచేత నాలుగు సేవలు చేయించుకునే యంత్రమే వాళ్లకు నచ్చుతున్నట్టుంది. హాల్లో కెమెరా ఏనాడైనా "అమ్మమ్మా" అని పిలిచిందా?

ఇంతకీ యంత్రం పెద్దవాళ్లను ఒప్పుకుంటుందా అని అడిగేవాళ్లు తక్కువ. మన దేశంలో 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైంది. పింఛనుదారు తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి వేలిముద్ర వేస్తే చాలన్నారు. ఆ వేలేమో సుద్దముక్కలు పట్టీ, అంట్లు తోమీ, గీతలన్నీ అరగదీసుకుని కూర్చుంది. తుడిచి పెట్టినా, అదిమి పెట్టినా యంత్రం ససేమిరా అంటుంది. మనిషిని కళ్లెదురుగా చూస్తున్న గుమస్తా కూడా చేసేదేమీ లేదు. 2021 నవంబరులో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చాక ఇంట్లోనే మనవరాలి ఫోనులో పని జరిగిపోతోంది. ఫొటో కాదు మనిషేనని తెలియడానికి కళ్లు మాత్రం ఆర్పి చూపించాలి. శుక్లాల ఆపరేషనైన హెడ్మాస్టరుగారు "ఇప్పుడు ఆర్పు తాతయ్యా" అన్నప్పుడు తప్ప మిగతా అన్ని వేళలా ఆర్పుతారు. సర్వీసంతా పిల్లలకు హాజరు వేసిన మనిషి తన హాజరు కోసం ఫోను ముందు అలా తంటాలు పడుతుంటే, వంటింట్లోంచి ఆయన భార్య అందుకుంటుంది: "దానిమీద నాలుగు కేకలెయ్యమనవే మీ తాతయ్యని. బతికే ఉన్నాడని అదే ఒప్పుకుంటుంది!"