చిల్లర ఊరట

బిస్కెట్లు, చాక్లెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలు.

పన్ను తగ్గినంతా తగ్గిస్తే ఐదు రూపాయల ప్యాకెట్ 4.45. రూపాయి చాక్లెట్ 89 పైసలు.

సామాన్యుడి ఇంట పండగే!

చిన్న చిక్కల్లా ఒక్కటే. పావలా, దానికంటే చిన్న బిళ్లలు 2011 జూన్ 30తోనే చెల్లకుండా పోయాయి. మిగిలింది అర్ధ రూపాయి. అది చట్టంలో చెల్లుతుంది, కిరాణా కొట్లో చెల్లదు.

ఇక బేరం ఇలా సాగుతుంది.

"ఐదు ఇచ్చాను. నా 55 పైసలేవి?"

"చిల్లర లేదు సార్, చాక్లెట్ తీసుకోండి."

తీసుకోక తప్పుతుందా? సర్కారు టంకశాల ముద్రించకపోయినా దేశమంతా చెలామణీలో ఉన్న నాణెం అదే.

"సార్, చాక్లెట్ 89 పైసలు. ఇంకో 34 పైసలు మీరే ఇవ్వాలి."

"నా దగ్గరా చిల్లర లేదయ్యా."

"పర్లేదు సార్, ఖాతాలో రాసుకుంటా."

పన్ను తగ్గించిన సర్కారుకు పేరొచ్చింది. కొట్టువాడికి అడగని చాక్లెట్ బేరమొచ్చింది. పన్ను తగ్గింపు పొందిన మనకు అప్పొచ్చింది.

బిస్కెట్ ప్యాకెట్టుకే ఇంత ఊరట దక్కితే, నెల సరుకులన్నీ కొనేవాడు ఊళ్లో తలెత్తుకు తిరగగలడా?

ఇంతకీ ఆ 34 పైసలకు వడ్డీ వేస్తే, దాని మీద జీఎస్టీ ఎంతో కనుక్కోవాలి.