లిస్టు తీయండి సార్!

ఉయ్యాలవాడ మండలంలో ఏ సచివాలయం మెట్లెక్కినా మొదట వినబడే మాట ఏది? రమ్మనా? కూర్చోమనా? అబ్బే! "సర్వర్ డౌన్." రూపనగుడి రైతు తన భూమి వన్‌బీ కాగితానికి వస్తాడు. సర్వర్ డౌన్. శనగ చేను ఈ-క్రాప్ పంట నమోదులో ఎక్కిందో లేదో చూసుకుందామని ఇంకొకాయన వస్తాడు. "రేపు రాప్పా!" రేపు వస్తాడు. ఎల్లుండి రమ్మంటారు. ఇంతకీ ఆ సర్వర్ ఏ ఊళ్లో ఉంది? ఎందుకు పడింది? ఎవరు లేపుతారు? కౌంటర్లో కూర్చున్న పిల్లకు తెలియదు. తహసీల్దారుకు తెలియదు. జిల్లాలో అడిగితే అమరావతి వైపు వేలు చూపిస్తారు. అక్కడ అడిగితే కాంట్రాక్టరు పేరు చెబుతారు. కాంట్రాక్టరును అడిగితే నవ్వి ఒక మాటంటాడు: "ఏం భయం లేదు సార్, స్నాప్‌షాట్లు ఉన్నాయి."

ఉన్నాయా? సంతోషం. ఏవీ, చూపించండి. లిస్టు తీయండి.

అప్పుడు మొదలవుతుంది అసలు తమాషా.

స్నాప్‌షాట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఒకప్పుడు సర్వర్ అంటే ఒక పెట్టె. ఇప్పుడు ఒక్క పెట్టెలో పది సర్వర్లు కాపురం చేస్తాయి. వాటికి వర్చువల్ మెషీన్లని పేరు. ప్రతిదానికీ తనకో సొంత డిస్కు ఉందన్న భ్రమ. నిజానికి ఆ డిస్కు కూడా ఒక ఫైలే. స్నాప్‌షాట్ కొట్టిన క్షణాన ఆ ఫైలు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత రాసేదంతా డెల్టా అనే కొత్త ఫైల్లోకి పోతుంది. అప్‌డేట్ చెడిందా? డెల్టాను పారేసి పాత క్షణానికి వెనక్కి వెళ్లిపోవచ్చు. గంట పనికి మంచి ఉపాయం. గంట పనికి! మనవాళ్లు దాన్నే పట్టుకుని ఏళ్లు నెట్టుకొస్తారు. దాన్నే బ్యాకప్ అంటారు. పాత ఫైలు పోయిననాడు డెల్టా ఒక్కటీ ఏం చేసుకోను? నాలిక గీసుకోవడానికి కూడా పనికిరాదు. అదే డిస్కు మీద, అదే గదిలో, అదే కరెంటు మీద ఉన్నది నకలెలా అవుతుంది? బీరువా తాళంచెవికి మారు చెవి చేయించి, అదే బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంది యవ్వారం.

ఇది నేను కనిపెట్టిన శాస్త్రం కాదు. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదని ఈ వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ కంపెనీయే చెబుతుంది. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచుకోవద్దంటుంది. గొలుసుగా 32 దాకా పట్టినా, రెండు మూడు దాటితే మంచిది కాదంటుంది. దాటితే ఏమవుతుంది? డెల్టా ఉబ్బుతుంది. అసలు డిస్కంత అవుతుంది. ఒక్క అడంగల్ లైను చదవాలన్నా యంత్రం ఫైలు మీద ఫైలు తిరగేయాలి. మందగిస్తుంది. చివరికి డిస్కు నిండుతుంది, మెషీన్ ఆగుతుంది. మన ఊరి సర్వర్ పడిన ప్రతిసారీ కారణం ఇదేనని నేననను. కారణం ఏదో చెప్పే నాథుడే లేడన్నది నా గొడవ.

పోనీ, లిస్టు తీయడం ఏమైనా బ్రహ్మవిద్యా? ఒక్క లైను. విర్ష్ అనే పనిముట్టున్న చోట నల్ల తెర తెరిచి, విర్ష్ స్నాప్‌షాట్-లిస్ట్ అని కొట్టి, పక్కన మెషీన్ పేరు రాసి ఎంటర్ నొక్కాలి. మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ అయితే క్యూఎం లిస్ట్‌స్నాప్‌షాట్. హైపర్-వీ అయితే గెట్-వీఎంస్నాప్‌షాట్. వీఎంవేర్‌లో ముందు మెషీన్లన్నీ చూపించమని అడిగి, కావలసినదాని నంబరు పట్టుకుని ఇంకో ముక్క కొట్టాలి. సింగిల్ టీ చల్లారేలోపు అయిపోతుంది. టెండర్లో కోట్లు, సమీక్షలో స్లైడ్లు, ప్రారంభోత్సవంలో శాలువాలు. ఈ ఒక్క లైను కొట్టే తీరికే ఎవరికీ లేదు!

కొడితే ఏం కనిపిస్తుంది? విర్ష్ మూడు నిలువు వరసలు చూపిస్తుంది. పేరు, తీసిన సమయం, అప్పటికి మెషీన్ నడుస్తోందా ఆగి ఉందా అన్న ముక్క. ఇక ఆ పేర్లు చూడాలి సామీ! "టెస్ట్." "టెస్ట్2." "ఫైనల్." "ఫైనల్ కొత్తది." "డిలీట్ చేయొద్దు." ఎవరు తీశారు? రాయలేదు. ఎందుకు తీశారు? రాయలేదు. వివరం రాసుకోవడానికి కమాండు చోటిస్తుంది. రాసే చేతికే బద్ధకం. తీసినవాడు కంపెనీ మారి హైదరాబాదులో ఉంటాడు. వచ్చినవాడికి తీసేయాలంటే భయం, ఉంచాలంటే భయం. "డిలీట్ చేయొద్దు" అట! ఎందుకు చేయొద్దు నాయనా?

ఇంకో చోద్యం. కొన్నిసార్లు లిస్టు ఖాళీగా ఉంటుంది. "చూశారా, ఒక్కటీ లేదు, అంతా శుభ్రం" అని సంకలు గుద్దుకుంటారు. డిస్కు మీదికి వెళ్లి చూస్తే డెల్టా ఫైళ్లు కుప్పలు. స్నాప్‌షాట్‌ను తీసేసే పని మధ్యలో చెడితే, పేరు జాబితాలోంచి పోతుంది, బరువు డిస్కు మీదే ఉంటుంది. ఆ డెల్టాలను అసలు డిస్కులో కలిపేయాలని, అంటే కన్సాలిడేట్ చేయాలని వీఎంవేర్ పసుపు రంగు హెచ్చరిక పెడుతుంది. ఎవరు చూస్తారు? ఎర్ర రంగుకే దిక్కు లేదు.

మనకు బద్ధకం. దొంగకు లేదు. వీఎంవేర్ సర్వర్ల మీద పడే రాన్‌సమ్‌వేర్ ముఠాలు చేసే మొదటి పనుల్లో ఒకటేమిటో తెలుసా? మెషీన్ల లిస్టు తీయడం. రెండోది? స్నాప్‌షాట్లన్నీ ఒక్క కమాండుతో తుడిచేయడం. ఆ తర్వాతే తాళాలు వేసి డబ్బడుగుతారు. మన సిబ్బంది చేయని తనిఖీ దొంగ చేస్తున్నాడు. అదీ పైసా జీతం లేకుండా!

మనకు తగల్లేదా? తగిలింది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకే తాళం వేసింది. 2019 ఏప్రిల్ చివర తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల మీద రాన్‌సమ్‌వేర్ పడింది. అందులో తిరుపతి కేంద్రంగా నడిచే దక్షిణ డిస్కం కూడా ఉంది. ఉయ్యాలవాడ మీటరు బిల్లు కొట్టేదీ ఆ సంస్థే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో 5 సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడ్డాయని పార్లమెంటులో చెప్పారు. ముట్టుకోని బ్యాకప్ సర్వర్ ఒకటి విడిగా ఉండబట్టి బయటపడ్డారు. గమనించండి, విడిగా! దాడి జరిగితే 6 గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశమిచ్చింది. ఎవరికి చెప్పాలి? సెర్ట్-ఇన్‌కు. కౌంటరు ముందు నిలబడ్డవాడికి మాత్రం పాత పాటే.

పరాయి దేశాలు మనకంటే ఘనమా అంటే అదీ లేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో, డేజియాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల గోదాము బూడిదైంది. బ్యాకప్ ఏదీ అంటే, మరీ పెద్దది కాబట్టి తీయలేదన్నారు! ప్రోగ్రామర్లు కోడు దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీ 2017 జనవరి 31న తన డేటాబేస్ తానే తుడిచేసుకుంది. రక్షణకు అయిదు పద్ధతులు పెట్టుకుంది. ఒక్కటీ అక్కరకు రాలేదు. వేరే పని కోసం ఒక ఇంజినీరు ఆరు గంటల ముందు చేత్తో తీసి విడిగా పెట్టిన స్నాప్‌షాటే కాపాడింది. అయితే వాళ్లు సిగ్గుపడకుండా లోకానికంతా రాసి చెప్పుకున్నారు. మన దగ్గర అలా రాసిన ఆఫీసు ఒక్కటి చూపించండి.

మన దగ్గర ఏం చేస్తారో మదనపల్లె చెబుతుంది. 2024 జులై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయం తగలబడింది. భూముల ఫైళ్లు కాలిపోయాయి. డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు. ఫైలుకు నకలు ఎక్కడుందని మంటకు ముందు ఎవరూ అడగలేదు. మంట ఆరాక అందరూ అడిగారు. హెలికాప్టర్ గంటకు ఎంతవుతుందో గానీ, లిస్టు తీసే కమాండుకు పైసా కాదు.

మన ఊరి సంగతే చూడండి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరి తీశారు. ఈస్టిండియా కంపెనీ దొరలు దుర్మార్గులే, సందేహం లేదు. కానీ ఎవరు ఎవరికి ఏ తేదీన ఏం రాశారో దాచిపెట్టారు. నాటి కలెక్టరు ఉత్తరాలు పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తున్నారు. పరాయివాడు దాచిన కాగితం 180 ఏళ్ల నాటిది దొరుకుతుంది. మనవాడు దాచిన పోయిన ఏడాది మ్యుటేషన్ దరఖాస్తు దొరకదు! మనం మాత్రం 2021లో కర్నూలు విమానాశ్రయానికి రెడ్డిగారి పేరు పెట్టి చేతులు దులుపుకున్నాం.

మన నాయకులకు తెలిసిన స్నాప్‌షాట్ వేరు. ఒకాయన పట్టాదారు పాసుపుస్తకం మీద తన బొమ్మ వేసుకున్నాడు. చేను నాది, ఫోటో నీదా? తర్వాత వచ్చినాయన ఆ బొమ్మ తీసి రాజముద్ర వేస్తానన్నాడు. అట్ట మారుతుంది సరే. అట్ట లోపలి సర్వే నంబరు ఏ డిస్కు మీద ఉందో, దాని నకలు ఏ ఊళ్లో ఉందో ఇద్దరిలో ఎవరైనా అడిగారా? ఇప్పుడు విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోంది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లట. రానివ్వండి, మంచిదే. నంద్యాల జిల్లాలో వన్‌బీ తీయడానికి ఎన్ని డాలర్లు పడతాయో అది కూడా ప్రారంభోత్సవ వేదిక మీదే చెప్పేయండి.

సమాచార హక్కు చట్టం ఉంది కదా. మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. అడగండి. మా భూముల రికార్డున్న మెషీన్‌కు స్నాప్‌షాట్లు ఎన్ని? ఏ తేదీవి? ఎవరు తీశారు? విడిగా బ్యాకప్ ఎక్కడుంది? దాన్ని తిరిగి ఎక్కించి చూసింది ఎప్పుడు? చివరి ప్రశ్న మరిచిపోకండి, అందరూ నీళ్లు నమిలేది అక్కడే. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇస్తారు. "భద్రతా కారణాల రీత్యా వెల్లడించలేము" అని సంతకం పెట్టి, ముద్ర కొట్టి మరీ ఇస్తారు. దొంగ ఏ దరఖాస్తూ పెట్టలేదే, వాడి చేతికి లిస్టు ఎట్లా పోయిందప్పా?